సంస్కృతాన్ని మార్కుల సబ్జెక్టుగా మిగల్చకండి: ఇంటర్ చదువు నడిపే పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ చదువు బాధ్యత చూస్తున్న మంత్రులకు, అధికారులకు, సిలబస్ కమిటీల సభ్యులకు,

నమస్కారం. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సంస్కృతం చెప్పే అధ్యాపకురాలిని. ఈ లేఖలో ఉన్న విషయాలు కొత్తవి కావు. నేనూ, నాలాంటి మరికొందరు అధ్యాపకులూ కలిసి ఇవే వినతిపత్రంగా రాసి ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఫైలు పైకి వెళ్లిందన్నారు, ఇంకోసారి చేస్తే సంబంధిత అధికారి మారారన్నారు. జవాబు మాత్రం రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. ఇలాంటివి రాస్తే ప్రైవేటు కాలేజీల్లో ఉద్యోగం నిలవదు కాబట్టి పేరు పెట్టడం లేదు, ఆ ఒక్క విషయంలో మన్నించండి.

సూటిగా విషయానికి వస్తాను. మన రెండు రాష్ట్రాల్లో ఏటా లక్షల మంది పిల్లలు సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం రాసి పాసవుతున్నారు. నూటికి 95 దాటడం మామూలైపోయింది, 98, 99 వచ్చిన పిల్లల పేర్లు చెప్పుకుంటే ఎవరూ ఆశ్చర్యపోరు కూడా. కానీ ఆ పిల్లల ముందు పుస్తకంలో లేని నాలుగు తేలిక వాక్యాలు సంస్కృతంలో పెట్టి అర్థం చెప్పమంటే చెప్పగలిగేవాళ్లు చాలా చాలా తక్కువ. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సంస్కృతం మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 24,821 మంది. అంతకు ఎన్నో రెట్లు మంది మన దగ్గర ఒక్క ఏడాదిలో సంస్కృతం పరీక్ష రాస్తారు. ఇంతమంది నిజంగా నేర్చుకుంటే ఈ దేశంలో సంస్కృతానికి తెలుగునేలే పెద్ద దిక్కయ్యేది. అలా ఎందుకు కాలేదో మీకు తెలుసు, మాకూ తెలుసు, పరీక్ష రాసే పిల్లలకి ఇంకా బాగా తెలుసు.

క్లాసులో ఏం జరుగుతుందో చెప్తాను. పదో తరగతి దాకా తెలుగు చదివిన అమ్మాయి ఇంటర్‌లో చేరుతుంది. చాలా కాలేజీల్లో అప్లికేషన్‌లో సెకండ్ లాంగ్వేజ్ అన్న చోట ముందే సంస్కృతం అని నింపేసి ఉంటుంది, తెలుగు తీసుకుంటానంటే మా దగ్గర లేదంటారు, లేదా మార్కులు పోతాయని భయపెడతారు. ఆ అమ్మాయికి హిందీ చదువుకోవడం వల్ల దేవనాగరి అక్షరాలు కొంచెం వచ్చు, అంతకు మించి సంస్కృతంతో పరిచయం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? రామ శబ్దం, విభక్తులు, నాలుగైదు ధాతువుల రూపాలు, తేలిక సంధులు, చిన్న చిన్న వాక్యాలు. రెండేళ్లు ఇలా పద్ధతిగా చెబితే ఏ పిల్ల అయినా ఒక తేలిక కథ సొంతంగా చదువుకోగలదు, ఇది నేను కళ్లారా చూసిన విషయం. కానీ సిలబస్ అలా లేదు, టైమూ అలా లేదు. మొదటి రోజే కావ్యంలోంచి తీసిన శ్లోకాలు ముందుంటాయి. మాకిచ్చే పీరియడ్లే తక్కువ, డిసెంబర్ దాటితే అవి కూడా మ్యాథ్స్‌కో ఫిజిక్స్‌కో వెళ్లిపోతాయి. పెద్ద ప్రశ్నలకి జవాబు తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ రాసుకోవచ్చు కాబట్టి పాఠాన్ని సంస్కృతంలో చదవాల్సిన పనే పడదు. మెటీరియల్ ఇస్తారు, అందులో ఇంపార్టెంట్ ప్రశ్నలకి ఇంగ్లీషులో జవాబులుంటాయి, పిల్లలు బట్టీ పడతారు. దేవనాగరిలో రాయాల్సిన కొద్దిపాటి భాగాన్ని బొమ్మ గీసినట్టు చూసి చూసి దించడం నేర్చుకుంటారు. మార్చిలో పరీక్ష, ఏప్రిల్‌లో మార్కులు, మేలో అంతా మర్చిపోవడం.

పిల్లల్ని నేను తప్పుపట్టను. ఇంటర్ మార్కుల్లో సెకండ్ లాంగ్వేజ్‌ది ఐదో వంతు. పక్క పిల్లాడు సంస్కృతంలో 98 తెచ్చుకుంటుంటే, తెలుగు తీసుకుని ఛందస్సు, సమాసాలు, వ్యాసాలు కష్టపడి రాసి 85 తెచ్చుకోమని ఏ తల్లి చెప్తుంది? "మేడమ్, మావాడికి భాష వచ్చినా రాకపోయినా పర్లేదు, మార్కులు పోకుండా చూడండి" అని పేరెంట్స్ మీటింగ్‌లో అడిగే తండ్రి మీద నాకు కోపం లేదు. ఆయన్ని అలా అడిగేలా చేసింది పరీక్ష పద్ధతి, దాన్ని మార్చే అధికారం మీ చేతుల్లో ఉంది.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టం ఏమిటో ఒక్కొక్కటే రాస్తాను.

1. తెలుగు పోతోంది, సంస్కృతం రావడం లేదు. తెలంగాణలో పదో తరగతి దాకా ప్రతి బడిలో తెలుగు చెప్పాలని 2018లో చట్టం చేశారు, మంచి పని. కానీ సరిగ్గా సాహిత్యం రుచి తెలిసే పదహారేళ్ల వయసులో పిల్లలు తెలుగు వదిలేస్తున్నారు. వదిలేసి ఇంకో భాష నేర్చుకుంటున్నారా అంటే అదీ లేదు. ఇంటర్ పాసైన పిల్లకి ఒక తెలుగు పద్యానికి ప్రతిపదార్థం చెప్పడమూ రాదు, ఒక సంస్కృత శ్లోకానికి అన్వయం చెప్పడమూ రాదు. రెండేళ్ల భాషా చదువు రెండు వైపులా వృథా. దీని దెబ్బ తెలుగు అధ్యాపకుల మీద కూడా పడింది, ప్రైవేటు కాలేజీల్లో తెలుగు సెక్షన్లు మూసేస్తే ఎంఏ తెలుగు చేసినవాళ్లు ఏం చేయాలి? 2021లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు అకాడమీ పేరు తెలుగు-సంస్కృత అకాడమీగా మార్చినప్పుడూ, 2025లో తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్‌గా పెట్టాలన్న కదలిక వచ్చినప్పుడూ తెలుగు రచయితలు, అధ్యాపకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. సంస్కృతం చెప్పుకుని బతికే మనిషిగా అంటున్నాను, వాళ్ల బాధలో న్యాయం ఉంది. పరీక్ష పద్ధతి ఇలాగే ఉంచి ప్రభుత్వ కాలేజీల్లోకి కూడా సంస్కృతాన్ని తీసుకెళితే అక్కడా తెలుగు పోతుంది, అక్కడా సంస్కృతం రాదు. నిజానికి ఈ రెండు భాషలకీ మన దగ్గర పోటీ ఎప్పుడూ లేదు. నన్నయ పేరు మీద ఉన్న తొలి తెలుగు వ్యాకరణం సంస్కృతంలోనే ఉంది. ప్రబంధాల్లో నాలుగు పంక్తుల సమాసాన్ని విడదీయాలంటే సంస్కృతం కావాలి. పావులూరి మల్లన సంస్కృతంలో ఉన్న మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చాడంటే రెండు భాషలూ వచ్చినవాడు కాబట్టే తేగలిగాడు. పోటీ పెట్టింది మార్కుల పట్టిక.

2. సంస్కృతం మళ్లీ కొద్ది ఇళ్లకే పరిమితమైపోతోంది. ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే సంగతి. మా నాన్న రైతు. మా ఇంట్లో తరతరాలుగా సంస్కృతం చదివినవాళ్లు ఎవరూ లేరు, చదవనిచ్చినవాళ్లూ లేరు. నేను చదువుకున్నానంటే మా ఊరికి దగ్గర్లో ప్రభుత్వ గ్రాంటుతో నడుస్తూ సంస్కృతం కూడా చెప్పే ఎయిడెడ్ ఓరియంటల్ హైస్కూల్ ఉండబట్టి, ఫీజు లేకుండా అక్కడ పండితులు అందరి పిల్లలకీ ఒకే బెంచీ మీద చెప్పబట్టి. పుట్టుకతో పని లేకుండా ఏ పిల్ల అయినా ఈ భాష నేర్చుకోగల చోటు ప్రభుత్వం నడిపే, ప్రభుత్వం గుర్తించే చదువే. ఆ చదువు డొల్ల అయిపోతే నష్టపోయేది ఎవరు? ఇంట్లో తాతగారు అమరకోశం వల్లె వేయించే పిల్లాడికి ఏ ఇబ్బందీ లేదు. వేదపాఠశాలకి వెళ్లే పిల్లాడికీ లేదు. ఎటూ కాకుండా పోయేది నాలాంటి ఇళ్ల పిల్లలు, దళిత, బీసీ, మైనారిటీ ఇళ్ల పిల్లలు, ఆడపిల్లలు. వందల ఏళ్లు మూసి ఉన్న తలుపు ఇరవయ్యో శతాబ్దంలో బడి ద్వారా తెరుచుకుంది. సంస్కృతంలో 99 మార్కులు వచ్చాయన్న కాగితం చేతిలో పెట్టి, ఆ భాషలో ఒక్క పేజీ చదవలేని స్థితిలో ఆ పిల్లల్ని బయటికి పంపడం వాళ్లకి చేసే అన్యాయం.

ఈ భాష ఒక్క కులానిదో ఒక్క మతానిదో అనుకునేవాళ్లకి ఒక మాట. కృష్ణా తీరంలో బౌద్ధులు శాస్త్రాలు సంస్కృతంలో రాసుకున్నారు. కాకతీయ గణపతిదేవుడి గజసేనాపతి జాయపుడు 1253-54లో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలో రాశాడు, ఆయన యుద్ధాలు చేసినవాడు. విజయనగర రాజకుమారుడు కంపరాయల భార్య గంగాదేవి తన భర్త మధుర (ఇప్పటి మదురై) దండయాత్ర మీద మధురావిజయం అనే సంస్కృత కావ్యమే రాసింది, పూర్వకవులకి నమస్కరిస్తూ మన తిక్కనని కూడా తలుచుకుంది. పధ్నాలుగో శతాబ్దంలో ఒక ఆడమనిషి చేసిన పని ఇది.

3. మన దగ్గరున్న తాళపత్రాలు చదివేవాళ్లు లేకుండా పోతున్నారు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కమిటీల్లో కూర్చున్న చాలామందికి కూడా ఇది తెలియదని నాకు అనిపించింది.

సంస్కృతం అంటే దేవనాగరి అనే అనుకుంటారు అందరూ. కానీ మన ప్రాంతంలో వందల ఏళ్లు సంస్కృతం రాసింది తెలుగు లిపిలో. వైద్యం, జ్యోతిషం, తర్కం, వ్యాకరణం, నాట్యం, శిల్పం, కావ్యాల మీద వ్యాఖ్యానాలు, అన్నీ తాటాకుల మీద గంటంతో తెలుగు అక్షరాల్లోనే చెక్కారు. అవి హైదరాబాద్‌లో, తిరుపతిలో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో, చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో, తంజావూరు సరస్వతీ మహల్‌లో ఉన్నాయి, ఇంకా ఎన్నో ఇళ్లల్లో అటకల మీద ఉన్నాయి. వీటిని ఉత్తరాది నుంచి ఎవరో పండితుడు వచ్చి చదవలేడు, ఆయనకి తెలుగు లిపి రాదు. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లూ చదవలేరు. తాటాకు మీద పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు, కామాలు, చుక్కలు ఉండవు, అక్షరం వాటం కూడా ఇప్పటిలా ఉండదు, సంధి ఎక్కడ విడిపోతుందో తెలిస్తేనే పదం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. తెలుగు లిపి, సంస్కృతం రెండూ కలిసి వచ్చిన మనిషి కావాలి. అలాంటి మనుషులు పుట్టగల చోటు ప్రపంచంలో ఎక్కువగా ఈ రెండు రాష్ట్రాలే.

ఒక్క మనిషి చదివితే ఏమవుతుందో చూడండి. గంగాదేవి కావ్యం ఉందన్న సంగతి కూడా లోకం మర్చిపోయింది. 1916లో తిరువనంతపురంలో ఒక పండితుడికి ఒక ఇంటి గ్రంథాలయంలో ఆ తాళపత్రం దొరికింది, ఆయన అదేమిటో గుర్తుపట్టగలిగాడు కాబట్టి ఇవాళ మనం మధురావిజయం గురించి మాట్లాడుకుంటున్నాం. అప్పటికే కొన్ని భాగాలు పోయాయి, ఇక ఎప్పటికీ రావు. జాయపుడి నృత్తరత్నావళి అచ్చులోకి వచ్చింది 1960ల్లో, రాసిన ఏడు వందల ఏళ్లకి. తెలంగాణ గర్వంగా చెప్పుకునే పేరిణి నాట్యాన్ని నటరాజ రామకృష్ణ గారు మళ్లీ నిలబెట్టారంటే ఆ గ్రంథం, రామప్ప గుడి శిల్పాలు ఆయనకి ఆధారమయ్యాయి. రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే మనమందరం పండగ చేసుకున్నాం. ఆ రాళ్ల మీద ఉన్న నాట్యానికి మాటల్లో వివరం ఇచ్చిన పుస్తకాన్ని చదవగల పిల్లల్ని తయారు చేస్తున్నామా?

స్కాన్ చేస్తున్నాం కదా అంటారు. స్కాన్ చేయాలి, వెంటనే చేయాలి, చెదలకి మన ఫైళ్లు కదిలే దాకా ఆగే ఓపిక ఉండదు. కేంద్రం 2003లోనే జాతీయ రాతప్రతుల మిషన్ పెట్టింది, 2025 బడ్జెట్లో జ్ఞానభారతం పేరుతో కోటికి పైగా రాతప్రతుల పని చేపడతామని చెప్పింది. సంతోషమే. కానీ స్కాన్ చేసిన బొమ్మని తెరిచి ఇది వైద్యమా, వ్యాఖ్యానమా, ఇప్పటికే అచ్చయిందా, కొత్తదా అని చెప్పడానికి మనిషి కావాలి. కంప్యూటర్ చదివేస్తుందనేవాళ్లకి కూడా నా జవాబు ఇదే. కంప్యూటర్‌కి నేర్పించాలంటే ముందు వేల పేజీలు సరిగ్గా చదివి ఎత్తిరాసే మనుషులుండాలి, అది చదివింది తప్పో ఒప్పో చూసేవాళ్లూ ఉండాలి. ఆ మనుషుల్ని ఎక్కడి నుంచి తెస్తారు? మా క్లాసుల్లో కూర్చున్న లక్షల మందిలోంచి వందమంది వచ్చినా చాలు.

4. పండితుల వరస తెగిపోతోంది. మెదక్ జిల్లా కొల్చారం వాడు మల్లినాథసూరి, కాళిదాసుని ఇవాళ్టికీ దేశమంతా ఆయన వ్యాఖ్య పట్టుకునే చదువుతారు. రసగంగాధరం అనే అలంకారశాస్త్ర గ్రంథం రాసిన జగన్నాథ పండితరాయలు కోనసీమ ముంగండ వాడు. తర్కశాస్త్రంలో మొదటి పుస్తకంగా కాశీ నుంచి కేరళ దాకా చెప్పే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. ఇంత పెద్ద వరసని మొన్న మొన్నటి దాకా మోసినవి చిన్న చిన్న ఊళ్ల సంస్కృత కళాశాలలు, కొవ్వూరులో, చిట్టిగూడూరులో, విజయనగరంలో, హైదరాబాద్ సీతారాంబాగ్‌లో. ఓరియంటల్ బడులు, కాలేజీల్లో రిటైరైన పండితుడి పోస్టు మళ్లీ నింపకపోవడం ఏళ్ల తరబడి జరుగుతోంది. నేను చదివిన బడిలో ఇప్పుడు సంస్కృతం చెప్పేవాళ్లు లేరు. పదో తరగతి టైమ్‌టేబుల్‌లో కాంపోజిట్ కోర్సు (తెలుగుతో కలిపి సంస్కృతం), ఓఎస్సెస్సీ (ఓరియంటల్ బడుల పదో తరగతి) పేపర్లు ఇంకా కనిపిస్తాయి, వాటిని రాసే పిల్లలూ చెప్పే పండితులూ తగ్గిపోతున్నారు. ఒకవైపు నిజంగా నేర్పే చోట్లు ఖాళీ అవుతుంటే ఇంకోవైపు నేర్పని చోట లక్షల అడ్మిషన్లు. తిరుపతిలో 2020 నుంచి కేంద్రీయ హోదా ఉన్న జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ పునాది గట్టిగా ఉంటే అక్కడికి మన పిల్లలు ఎంతమంది వెళ్లేవాళ్లో ఒక్కసారి ఆలోచించండి.

5. డబ్బు నష్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అప్పు చేసి కాలేజీ ఫీజు కట్టే తల్లిదండ్రులు అందులో భాష చదువుకి కూడా కడుతున్నారు. చెప్పని చదువుకి కడుతున్నారు.

కొందరు సంస్కృతాభిమానులు నాతో అంటారు, ఏదో ఒక రకంగా పిల్లలు సంస్కృతం తీసుకుంటున్నారు కదా, పరీక్ష కష్టం చేస్తే ఆ కాస్తమందీ పోతారు అని. ఆ భయం నాకు అర్థమవుతుంది, నా ఉద్యోగం కూడా అందులోనే ఉంది. సంఖ్య తగ్గుతుంది, తప్పకుండా తగ్గుతుంది. తగ్గనివ్వండి. పది మందికి బదులు ఇద్దరే చేరి ఆ ఇద్దరికీ భాష వస్తే సంస్కృతానికి అంతకన్నా మేలు లేదు. ఉత్తుత్తి 99 మార్కుల వల్ల ఈ భాషకి వచ్చిన పేరేమిటో తెలుసా? "సంస్కృతమా, ఏం రాసినా మార్కులేస్తారు" అని. మల్లినాథుడు పుట్టిన నేల మీద ఈ మాట వినాల్సి రావడం నాకు సిగ్గుగా ఉంది, మీకూ ఉండాలని కోరుకుంటున్నాను.

ఇక మేము అడిగేవి. ఇవన్నీ మీ చేతిలో ఉన్నవే, వీటిలో చాలావాటికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

1. సంస్కృతం పేపర్లో పాఠ్యపుస్తకంలో లేని తేలిక గద్యభాగం ఇచ్చి అర్థం రాయించండి. మొదటి ఏడాది 20 మార్కులకి మొదలుపెట్టి తర్వాత బ్యాచ్‌లకి 40 దాకా పెంచండి. ఇప్పుడు చదువుతున్న పిల్లలకి వద్దు, కొత్తగా చేరే బ్యాచ్ నుంచి, ముందే చెప్పి పెట్టండి. కనీసం సగం పేపర్‌కి జవాబులు సంస్కృత భాషలోనే ఉండాలి.

2. ఆ సంస్కృతాన్ని తెలుగు లిపిలో రాసుకునే హక్కు పిల్లలకి స్పష్టంగా ఇవ్వండి. దేవనాగరిని మానేయమనడం లేదు, చదవడం వరకు రెండూ నేర్పుదాం. తెలుగు లిపిలో సంస్కృతంలోని ప్రతి అక్షరమూ ఉంది, మన పూర్వులు అందులోనే రాశారు, పల్లెటూరి పిల్లలకి సగం టెన్షన్ అక్కడే పోతుంది, తాళపత్రాల వైపు దారి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

3. సిలబస్ మొదటి ఏడాది భాష నేర్చుకోవడానికి పెట్టండి. విభక్తులు, క్రియలు, చిన్న సంభాషణలు, పంచతంత్రం లాంటి కథలు. కావ్యం రెండో ఏడాదికి ఉంచండి. రెండో ఏడాదిలో ఒక పాఠం తాళపత్రాల గురించి, ఒక పాఠం తెలుగునేల మీద పుట్టిన సంస్కృత రచన ఏదైనా పెట్టండి.

4. ప్రతి జూనియర్ కాలేజీలో తెలుగు తప్పనిసరిగా అందుబాటులో ఉండాలి. సెకండ్ లాంగ్వేజ్ ఏది కావాలో విద్యార్థి సొంత చేతిరాతతో రాసివ్వాలి, ముందే నింపిన అప్లికేషన్లు చెల్లవని ఉత్తర్వు ఇవ్వండి, తనిఖీ చేయండి. తనిఖీకి ముందు రోజు కాలేజీకి ఫోన్ వెళ్లకుండా చూడండి.

5. ఏటా ఏ భాషలో ఎంతమంది రాశారు, సగటు మార్కులెన్ని, 95 దాటినవాళ్లెంతమంది, ప్రభుత్వ కాలేజీల్లో ఎంత, ప్రైవేటులో ఎంత అన్నది ప్రజల ముందు పెట్టండి. తెలుగుకీ సంస్కృతానికీ హిందీకీ ఉర్దూకీ మార్కులు పడే తీరులో ఇంత తేడా ఎందుకుందో ఒక నిపుణుల కమిటీతో చూపించండి. మార్కుల లాభం పోతే భాషని ఇష్టంతో ఎంచుకునేవాళ్లే మిగులుతారు.

6. ఎయిడెడ్ ఓరియంటల్ బడులు, కాలేజీల్లో ఖాళీగా ఉన్న పండిత పోస్టులు నింపండి. కుదరని చోట కనీసం జిల్లాకొక బడిని ఎంచుకుని ఆరో తరగతి నుంచి ఇష్టమున్న పిల్లలకి, ఏ ఇంటి పిల్లలైనా సరే, ఫీజు లేకుండా సంస్కృతం చెప్పించండి. హాస్టల్ ఉంటే ఆడపిల్లలు కూడా వస్తారు.

7. రెండు రాష్ట్రాల్లోనూ ఇళ్లల్లో, గుళ్లల్లో, మఠాల్లో ఉన్న తాళపత్రాల లెక్క తీయించండి. ఇచ్చేస్తే మళ్లీ రావన్న భయంతో చాలామంది బయటపెట్టరు, కాబట్టి వాళ్ల ఇంటికే వెళ్లి ఫోటో తీసుకుని, నిమ్మగడ్డి నూనె రాసి శుభ్రం చేసి, మళ్లీ వాళ్లకే ఇచ్చేసే పద్ధతి పెట్టండి. స్కాన్ చేసినవి తాళాలు వేసి దాచకుండా అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టండి. సంస్కృతం బాగా వచ్చిన ఇంటర్, డిగ్రీ పిల్లలకి వేసవిలో ఈ పని నేర్పి స్టైపెండ్ ఇవ్వండి.

8. అధ్యాపకులకి కూడా శిక్షణ కావాలి, ఇది మా గురించి మేమే చెప్పుకుంటున్న మాట. మెటీరియల్ పట్టుకుని చెప్పడం అలవాటైపోయినవాళ్లం సంస్కృతంలో మాట్లాడుతూ చెప్పడం మళ్లీ నేర్చుకోవాలి. తిరుపతి విశ్వవిద్యాలయంతో మాట్లాడి సెలవుల్లో శిక్షణ పెట్టిస్తే వస్తాం. వారానికి ఇన్ని పీరియడ్లు భాషకి ఉండాలని, వాటిని వేరే సబ్జెక్టుకి వాడకూడదని కాలేజీలకి రాతపూర్వకంగా చెప్పండి.

కాలేజీ యాజమాన్యాలకి కూడా ఒక మాట. భాష పీరియడ్ తీసేసి ఇంకో టెస్ట్ పెడితే ర్యాంకు పెరుగుతుందని మీరనుకుంటున్నారు. రోజంతా ఫార్ములాలతో అలిసిపోయిన పిల్లలు నా క్లాసులో ఒక శ్లోకం అర్థం తెలిసి చదివినప్పుడు వాళ్ల ముఖాల్లో వచ్చే వెలుగు మీరెప్పుడైనా వచ్చి చూడండి. ఆ నలభై నిమిషాలు వాళ్లకి ఇవ్వండి.

అధికారులకి చివరిగా అడిగేది ఇది. వచ్చే విద్యాసంవత్సరం ప్రశ్నపత్రం నమూనా ఖరారు చేసేలోపు సంస్కృతం, తెలుగు అధ్యాపకులని ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒక్కరోజు మాట్లాడండి. మేము అడిగిన తీరులో ఫస్టియర్ నమూనా పేపర్, దానికి తగ్గ సిలబస్ చిత్తుప్రతి మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, వినతిపత్రంతో పాటు జతచేసి ఇచ్చాం కూడా. ఆ ఫైలు దొరక్కపోతే మళ్లీ పంపిస్తాం. మార్చడం కుదరదని మీరు నిర్ణయించుకుంటే, ఎందుకు కుదరదో ఈ లేఖలో ఉన్న అంకెల వరసలోనే మాకు జవాబు రాయండి.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ సంస్కృత అధ్యాపకురాలు